ఫ్రెంచిలో ‘అతన్ని’, ‘అతనికి’ ఎలా వాడాలి: ఇంగ్లిష్‌ను పక్కన పెట్టి తెలుగు మీదుగా నేర్చుకునే పద్ధతి

ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని ఫ్రెంచిని సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న పిల్లలు అడుగుతారు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం టీఈఎఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతారు. డెల్ఫ్ అనే ఫ్రెంచి డిప్లొమా పరీక్షకు చెన్నై వెళ్లాలని కావలిలోనో సింగరాయకొండలోనో రైలెక్కేవాళ్లూ అడుగుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘ల’ (అతన్ని) ఎప్పుడు, ‘ల్వి’ (అతనికి) ఎప్పుడు? అసలవి క్రియకు ముందుకెందుకు వస్తాయి? విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ఈ పాఠం కష్టమనిపించడానికి కారణం ఫ్రెంచి కాదు. దాన్ని ఇంగ్లిష్ పుస్తకంలోంచి నేర్చుకోవడం. ఇంగ్లిష్‌లో ‘అతన్ని చూశాను’కీ ‘అతనికి చెప్పాను’కీ ఒకటే మాట, ‘హిమ్’. అదీ క్రియ తర్వాతే వస్తుంది. ఫ్రెంచిలో ఆ రెండింటికీ రెండు మాటలున్నాయి, రెండూ క్రియకు ముందే వస్తాయి. తెలుగులోనూ అంతే కదా! ‘ని’ వేరు, ‘కి’ వేరు, రెండూ క్రియకు ముందే. చేతిలో ఉన్న తాళంచెవి వదిలేసి పక్కింటివాళ్ల తాళంచెవితో మన తలుపు తీయాలని చూస్తున్నాం, అంతే.

అయితే తెలుగు కూడా కొన్నిచోట్ల మోసం చేస్తుంది. ఆ చోట్లేవో మూడో మెట్టులో ఉన్నాయి. తొందరగా ఉంటే మిగతావి పైపైన చూసినా, అది మాత్రం వదలకండి.

కావలసినవి

రెండు నిలువు గడులు గీసిన నోటుబుక్కు. చిన్న చీటీలు ఓ ఇరవై. పలక, బలపం దొరికితే ఇంకా మంచిది, తుడిచి రాయడానికి అంత వీలైనది ఇంకోటి లేదు. మార్కాపురం పలక ఇంట్లో పాతది ఎక్కడో ఉండే ఉంటుంది. వాయిస్ రికార్డర్ ఉన్న ఫోను. క్రియ పక్కన ‘ఆ’ (మన ‘కి’ లాంటి ఫ్రెంచి మాట) వస్తుందో రాదో చూపించే ఫ్రెంచి నిఘంటువు. ఇది లేకపోతే మూడో మెట్టు దాటలేరు.

ఒక మాట. ఇక్కడ ఫ్రెంచి మాటలు పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి. స్పెల్లింగ్ మీ పుస్తకంలో చూసి నోటుబుక్కులో పక్కనే రాసుకోండి, పరీక్షలో అదే కావాలి.

1. ముందు రెండు గడులు నింపండి

ఎడమ గడికి పైన ‘ని’ అని రాయండి. దాని కింద: మ (నన్ను), త (నిన్ను), ల (అతన్ని, పుంలింగ వస్తువుని), లా (ఆమెని, స్త్రీలింగ వస్తువుని), ను (మమ్మల్ని, మనల్ని), వు (మిమ్మల్ని), లే (వాళ్లని, వాటిని).

కుడి గడికి పైన ‘కి’ అని రాయండి. దాని కింద: మ, త, ల్వి (అతనికి, ఆమెకి), ను, వు, లర్ (వాళ్లకి).

ఇప్పుడు రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూడండి. మ, త, ను, వు రెండింట్లోనూ ఒకటే. అంటే నాకు, నన్ను, నీకు, నిన్ను దగ్గర టెన్షన్ పడాల్సిన పనే లేదు. తేడా మూడో మనిషి దగ్గరే. అక్కడ ‘ని’ అయితే ల, లా, లే. ‘కి’ అయితే ల్వి, లర్.

రెండు జాగ్రత్తలు. ‘ల్వి’ అనగానే మగమనిషి అనుకోకండి, ఆమెకీ అదే. తర్వాత, ‘ల’, ‘లా’, ‘మ’, ‘త’ల తర్వాత అచ్చు వస్తే వాటి అచ్చు పోతుంది: ‘జ లతాఁ’ (అతని కోసం, లేదా ఆమె కోసం ఎదురుచూస్తున్నాను). అతనో ఆమో చెవికి తెలియదు, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. ‘ల్వి’, ‘లర్’ మాత్రం అచ్చు ముందు కూడా చెక్కుచెదరవు.

వస్తువులకు మనం అన్నిటికీ ‘దాన్ని’ అంటాం. ఫ్రెంచిలో వస్తువుకూ లింగం ఉంది. తాళంచెవి ‘లా క్లే’ కాబట్టి ‘జ లా షెర్ష్’ (దాన్ని వెతుకుతున్నాను). చేప ‘ల ప్వాసోఁ’ కాబట్టి ‘ల’. నామవాచకం నేర్చుకునేటప్పుడే ముందున్న ‘ల’, ‘లా’తో కలిపి నేర్చుకుంటే ఇక్కడ సగం పని తగ్గుతుంది.

2. చీటీని ముందుకు జరపండి

మూడు చీటీలు తీసుకోండి. ఒకదాని మీద ‘జ’ (నేను), ఇంకోదాని మీద ‘కొనె’ (తెలుసు, పరిచయం ఉంది), మూడోదాని మీద ‘లే’ అని రాయండి. బల్ల మీద ఇంగ్లిష్ వరసలో పేర్చండి: జ, కొనె, లే. ఇది తప్పు. ఇప్పుడు ‘లే’ చీటీని వేలితో ఎడమకు జరిపి క్రియకు ఆనించండి: ‘జ లే కొనె’. చిన్నపిల్లల ఆటలా ఉన్నా ఒక పది క్రియలతో చేయండి. చెయ్యి జరిపిందాన్ని నోరు తొందరగా పట్టుకుంటుంది.

ఏ క్రియకు ఆనించాలన్నదే తర్వాతి సందేహం.

ఒకటే క్రియ ఉంటే దానికి ముందు. ‘కాదు’ చెప్పాలంటే సర్వనామం, క్రియ రెండూ కలిసి ‘న’కూ ‘పా’కూ మధ్యలో ఉంటాయి: ‘జ న లే కొనె పా’.

భూతకాలంలో సహాయక క్రియకు (ఈ వాక్యంలో ‘ఏ’) ముందు: ‘జ ల్వి ఏ పార్లే’ (అతనితో మాట్లాడాను). ‘జే ల్వి పార్లే’ అని మధ్యలో దూర్చకండి. సోమవారం దిద్దితే బుధవారానికి మళ్లీ మొలిచే తప్పు ఇది.

‘చేయబోతున్నాను’, ‘చేయగలను’ లాంటి వాక్యాల్లో రెండో క్రియకు ముందు: ‘జ వే ల్వి పార్లే’ (ఆమెతో మాట్లాడబోతున్నాను), ‘జ ప లెదే’ (అతనికి సాయం చేయగలను). ‘జ ల్వి వే పార్లే’ అనకూడదు.

‘చెయ్’ అని చెప్పేటప్పుడు ఒక్కచోటే సర్వనామం క్రియ తర్వాతకు పోతుంది, మధ్యలో అడ్డగీత కూడా పడుతుంది: ‘అతాఁ-మ్వా’ (నా కోసం ఆగు). ఇక్కడ ‘మ’ కాస్తా ‘మ్వా’ అవుతుంది, ‘త’ అయితే ‘త్వా’. ‘చెయ్యొద్దు’ అంటే మళ్లీ మామూలే, క్రియకు ముందుకు వస్తుంది: ‘న మతాఁ పా’ (నా కోసం ఆగొద్దు).

3. ఏ క్రియకు ‘ని’, ఏ క్రియకు ‘కి’

అసలు పని ఇదే. తీరిగ్గా కూర్చోండి.

ముందు తెలుగు సరిగ్గా దారి చూపే క్రియలు. ఇవ్వు, చెప్పు, చూపించు, పంపు, రాయి, అమ్ము, జవాబు చెప్పు, ఫోన్ చెయ్: మనకు అన్నీ ‘అతనికి’. ఫ్రెంచిలోనూ అన్నీ ‘ల్వి’. ‘అతనికి ఫోన్ చేశాను’ అంటే ‘జ ల్వి ఏ తెలెఫొనే’. ఇంగ్లిష్ పట్టుకుంటే ఇక్కడ ‘కి’ కనబడదు, పిల్లలు ‘ల’ రాసేస్తారు. అలాగే చూడు, వెతుకు, పిలువు, కలువు: మనకు ‘అతన్ని’, ఫ్రెంచిలో ‘ల’. వెతకడం దగ్గర ఇంగ్లిష్ ‘ఫర్’ అని ఇంకో మాట తగిలిస్తుంది, ఫ్రెంచికి అది అక్కర్లేదు.

నచ్చడం సంగతి చూడండి. ‘అది నాకు నచ్చింది’ అని మనం ఎట్టా అంటామో అట్నే ‘సా మ ప్లె’. నచ్చిన వస్తువు కర్త, నచ్చిన మనిషికి ‘కి’. ఇంగ్లిష్‌వాళ్లు ఈ వాక్యాన్ని తిరగేసి నేర్చుకోవాలి, మనకు ఊరికే వస్తుంది.

ఇక తెలుగు మోసం చేసే క్రియలు. వీటిని నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకోండి.

తెలుగులో ‘ని’ రాకపోయినా ఫ్రెంచిలో ‘ల, లా, లే’ పడేవి:

- అతనికి సాయం చేస్తున్నాను: ‘జ లెద్’. ‘ల్వి’ కాదు.
- ఆమెకు థాంక్స్ చెబుతున్నాను: ‘జ లా రమెర్సీ’. ‘జ ల్వి రమెర్సీ’ తప్పు.
- అతని కోసం ఎదురుచూస్తున్నాను: ‘జ లతాఁ’. ‘కోసం’ అన్నమాట కోసం ఫ్రెంచిలో వెతకొద్దు.
- ఆమె మాట వింటున్నాను: ‘జ లెకుత్’.

తెలుగులో ‘కి’ రాకపోయినా ఫ్రెంచిలో ‘ల్వి, లర్’ పడేవి:

- అతన్ని అడుగుతున్నాను: ‘జ ల్వి దమాఁద్’. తెలుగువాళ్లు ఎక్కువగా తప్పు చేసేది దీని దగ్గరే.
- ఆమెతో మాట్లాడుతున్నాను: ‘జ ల్వి పార్ల్’.
- అతన్ని క్షమిస్తున్నాను: ‘జ ల్వి పార్దొన్’.
- వాళ్ల నాన్నలా ఉంటాడు: ‘ఇల్ ల్వి రసాఁబ్ల్’.
- అతని ఫోను కొట్టేశారు: ‘ఓఁ ల్వి ఆ వొలే సోఁ పోర్తాబ్ల్’. ఎవరి దగ్గర కొట్టేశారో ఆ మనిషికి ‘కి’.

మూడో రకం ఇంకా గడుసుది. తెలుగులో ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలన్నీ నచ్చడం లాంటివి కావు. ‘నాకు అతను తెలుసు’ అన్నప్పుడు ఆ ‘నాకు’ చూసి ‘ఇల్ మ కొనె’ అంటే అర్థం తిరగబడుతుంది, ‘నేను అతనికి తెలుసు’ అయిపోతుంది. ఎమ్మెల్యే మీకు తెలియడం వేరు, మీరు ఎమ్మెల్యేకి తెలియడం వేరు కదా. సరైనది ‘జ ల కొనె’. ‘నాకు అది కావాలి’ అంటే ‘జ ల వ’. ‘నాకు అది అర్థమవుతోంది’ అంటే ‘జ ల కోఁప్రాఁ’. కాబట్టి తెలియడం, కావడం, అర్థం కావడం: ఈ మూడింటికీ ఫ్రెంచిలో ‘నేను’ కర్త. నచ్చడానికి మాత్రం ‘అది’ కర్త. ఇంకొకటి ఉంది, ‘త్యు మ మాఁక్’: నువ్వు దగ్గర లేక నాకు బెంగగా ఉంది అని. దీన్నీ నచ్చడం పక్కన రాసుకోండి, ఇక్కడా ‘నువ్వు’ కర్త.

కొత్త క్రియ వచ్చిందా? ఊహించకండి, నిఘంటువు తీయండి. క్రియ తర్వాత ‘ఆ కెల్కఁ’ (ఎవరికైనా) అని ఉంటే ‘ల్వి, లర్’ గడి. ‘ఆ’ లేకుండా ‘కెల్కఁ’ ఒక్కటే ఉంటే ‘ల, లా, లే’ గడి.

దీనికో మినహాయింపు: ఎవరి గురించైనా తలచుకోవడం. ‘ఆ’ ఉన్నా సర్వనామం ముందుకు రాదు: ‘జ పాఁస్ ఆ ఎల్’ (ఆమె గురించి ఆలోచిస్తున్నాను). దీన్ని చూసి ‘జ పార్ల్ ఆ ఎల్’ అని అన్నిటికీ అంటించకండి.

4. సర్వనామాన్ని మింగకండి

‘సినిమా చూశావా?’ అంటే మనం ‘చూశాను’ అని ఊరుకుంటాం. ‘దాన్ని చూశాను’ అంటే ఎదుటివాళ్లు వింతగా చూస్తారు. ఫ్రెంచిలో ‘దాన్ని’ లేకపోతే వాక్యం కుంటుతుంది: ‘వుయ్, జ లే వ్యూ’. ఇందులో ‘లే’ అన్నది ‘ల్’, ‘ఏ’ కలిసింది, ‘వాటిని’ అనే ‘లే’ కాదు. ‘వాటిని చూశాను’ అయితే మధ్యలో ‘జ’ శబ్దం వినబడుతుంది: ‘జ లేజే వ్యూ’.

చోటు విషయంలోనూ అంతే. ‘మైపాడు పోతున్నావా?’ ‘ఆ, పోతన్నా.’ ఫ్రెంచిలో ‘వుయ్, జి వే’. ఆ ‘ఇ’ అంటే ‘అక్కడికి’. ఒట్టి ‘జ వే’ అంటే వాక్యం సగంలో ఆగినట్టుంటుంది.

లెక్క, భాగం చెప్పేటప్పుడు ‘ఆఁ’ కావాలి. ‘మామిడిపండ్లు ఎన్ని కావాలి?’ ‘రెండు.’ ఫ్రెంచిలో ‘జాఁ వ ద’ (వాటిలో రెండు కావాలి). అంకె చెప్పినా ‘ఆఁ’ మానకూడదు. పరీక్షలో దీన్ని అడగకుండా వదలరు.

ప్రాణంలేని వాటికి ‘ల్వి’ సాధారణంగా వాడరు. ‘ఉత్తరానికి జవాబిస్తున్నాను’ అంటే ‘జి రేపోఁ’. మనిషికి జవాబైతే ‘జ ల్వి రేపోఁ’.

5. రెండు కలిసి వస్తే: రొట్టెల పండుగతో నేర్చుకోండి

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు మించిన వ్యాకరణ పాఠం నాకు దొరకలేదు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. తీరితే మరుసటేడు వాళ్లే తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. దాన్ని ఎవరికి, ఎవరు? అదే పాఠం.

రొట్టెకు ‘లా గాలెత్’ అనుకుందాం, స్త్రీలింగం. కాబట్టి ‘దాన్ని’ అంటే ‘లా’.

ఆమె దాన్ని నాకు ఇస్తోంది: ‘ఎల్ మ లా దొన్’.
నేను దాన్ని నీకు ఇస్తున్నాను: ‘జ త లా దొన్’.
నేను దాన్ని అతనికి ఇస్తున్నాను: ‘జ లా ల్వి దొన్’.
నేను దాన్ని వాళ్లకు ఇస్తున్నాను: ‘జ లా లర్ దొన్’.

మొదటి రెండింట్లో మనిషి ముందు, రొట్టె తర్వాత. తర్వాతి రెండింట్లో రొట్టె ముందు, మనిషి తర్వాత. వరస ఇలా ఉంటుంది: మ, త, స (తనను, తనకు), ను, వు ముందు, తర్వాత ల, లా, లే, తర్వాత ల్వి, లర్, తర్వాత ఇ, చివర ఆఁ. ఈ వరసను చీటీ మీద రాసి అద్దానికి అంటించండి.

‘ఇవ్వు’ అని అడిగేటప్పుడు మాత్రం రొట్టే ముందు: ‘దొన్-లా-మ్వా’. ‘వద్దు, నాకివ్వకు’ అంటే మళ్లీ పాత వరస: ‘న మ లా దొన్ పా’.

ఒక హెచ్చరిక. ‘నిన్ను అతనికి పరిచయం చేస్తున్నాను’ అనడానికి ‘త’, ‘ల్వి’ రెండూ క్రియ ముందు పెడతారు కొందరు. ఆ జంట కుదరదు. ‘జ త ప్రేజాఁత్ ఆ ల్వి’ అనాలి.

ఫ్రెంచివాళ్లు మామూలు మాటల్లో ‘జ లా ల్వి దొన్’లోని ‘లా’ని మింగేసి ‘జ ల్వి దొన్’ అనేస్తుంటారు. యూట్యూబ్‌లో విని ఇదేంది సామీ అనుకోకండి. వినేటప్పుడు అర్థం చేసుకోండి, పరీక్ష కాగితం మీద మాత్రం పూర్తిగా రాయండి.

6. భూతకాలంలో తోక

‘ని’ గడిలోని సర్వనామం ముందు వచ్చినప్పుడు, దాని లింగ వచనాలను బట్టి భూతకాల రూపం మారుతుంది. చాలా క్రియల్లో అది స్పెల్లింగ్‌లోనే కనబడుతుంది, చెవికి తెలియదు. కొన్నిట్లో వినబడుతుంది: పుంలింగ వస్తువును పెట్టాను అంటే ‘జ లే మీ’, తాళంచెవిని పెట్టాను అంటే ‘జ లే మీజ్’. ‘ల్వి, లర్’ గడికి ఈ తోక ఉండదు. ఆమెతో మాట్లాడినా అతనితో మాట్లాడినా ‘పార్లే’ మారదు. ‘ఆఁ’కీ సాధారణంగా తోక తగిలించరు.

16వ శతాబ్దంలో ఒక కవి ఇటాలియన్‌ను చూపించి ఈ పద్ధతిని సమర్థించాడు, పిల్లలు ఇవాళ్టికీ అనుభవిస్తున్నారు. ఏ2 (డెల్ఫ్‌లో రెండో మెట్టు) స్థాయిలో ఉంటే దీని మీద నిద్ర పాడుచేసుకోకండి. ముందు స్థానం, గడి సరిగ్గా రానివ్వండి.

7. సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మొదటి పరీక్ష, సర్వనామం తీసేసి అక్కడ మనిషి పేరు పెట్టి మొత్తం వాక్యం రాయడం. పేరుకు ముందు ‘ఆ’ అవసరమైతే ‘ల్వి’ సరైనది. అవసరం లేకపోతే ‘ల, లా’. ఇంగ్లిష్‌లోకి మార్చి చూసుకోవడం పరీక్ష కాదు, వచ్చిన దారినే వెనక్కి పోవడం.

రెండోది ఫోను. ప్రశ్న మీరే రికార్డు చేసి, రెండు సెకన్లు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో జవాబు చెప్పండి. రెండు సెకన్లలో రాకపోతే అది ఇంకా కాగితం మీదే ఉందని అర్థం. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. మాట్లాడే దగ్గర ఆలోచించుకునేంత తీరిక ఉండదు.

మూడోది కింది వాక్యాలు. జవాబులు మూసిపెట్టి, పలక మీద రాయండి.

అ. ఆమె మద్రాసు బస్టాండు దగ్గర అతని కోసం ఎదురుచూస్తోంది. (చోటు వదిలేయండి)
ఆ. వాళ్లని అడిగాను.
ఇ. చేపల పులుసు వాళ్లకు నచ్చింది. (పులుసుకు ‘సా’ వాడండి)
ఈ. వాళ్లు నాకు తెలియదు.
ఉ. మలై కాజాలు ఎన్ని కావాలి? నాకు రెండు కావాలి.
ఊ. తాళంచెవి ఎక్కడ? దాన్ని ఆమెకు ఇస్తున్నాను.
ఋ. ఆ రొట్టె నాకివ్వు.

జవాబులు: అ. ‘ఎల్ లతాఁ’. ఆ. ‘జ లర్ ఏ దమాఁదే’. ఇ. ‘సా లర్ ఆ ప్ల్యూ’. ఈ. ‘జ న లే కొనె పా’. ఉ. ‘జాఁ వ ద’. ఊ. ‘జ లా ల్వి దొన్’. ఋ. ‘దొన్-లా-మ్వా’.

ఆ, ఈ తప్పాయంటే మూడో మెట్టులోని ఎర్ర ఇంకు వాక్యాలకు వెళ్లండి. ఉ తప్పితే నాలుగోది. ఊ దగ్గర ‘ల్వి లా’ అని వచ్చిందంటే అద్దానికి చీటీ ఇంకా అంటించలేదన్నమాట.